టాబ్లెట్‌లో సంగీతం చేసేవారు శాంపిల్ ఫైళ్లను ఎక్కడ, ఎలా ఉంచుకోవాలి?

లయసాధన (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను పాటల పని మొత్తం ఐప్యాడ్ మీదే చేసుకుంటాను. డ్రమ్ముల వన్‌షాట్లు (ఒక్కొక్క దెబ్బ శబ్దాలు), లూపులు (మళ్లీ మళ్లీ తిరిగే ముక్కలు), కొనుక్కున్న శాంపిల్ ప్యాకులు (పాటల్లో వాడుకునే రికార్డు శబ్దాల కట్టలు), మైకు పెట్టి నేనే రికార్డు చేసుకున్న శబ్దాలు అన్నీ కలిపి ఇప్పటికి 40 జీబీ దాటాయి. అవి చాలా చోటు తీసుకుంటున్నాయన్నది ఒక ఇబ్బంది అయితే, ఒక చోట లేకపోవడం అంతకంటే పెద్ద ఇబ్బంది. ఒకే కిక్ డ్రమ్ ఫైలు డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఒకటి, శాంపిళ్లను వాయిద్యంలా మోగించే శాంప్లర్ యాప్ ఫోల్డర్‌లో ఒకటి, ట్రాకులను కలిపి పాట కట్టే మల్టీట్రాక్ యాప్‌లోని ప్రాజెక్ట్ లోపల మరొకటి కనిపిస్తోంది. వీటిలో ఏది అసలుదో, దేన్ని తీసేస్తే ఏ పాట మూగబోతుందో తెలియక దేన్నీ తీసేయలేకపోతున్నాను. సగంలో ఆపిన ఒక పాత పాటను ఈమధ్య తెరిస్తే కొన్ని ట్రాకుల్లో శాంపిల్ దొరకలేదన్న సందేశం వచ్చింది. విచిత్రమేమిటంటే ఆ ఫైళ్లు నా క్లౌడ్ ఫోల్డర్‌లో పేర్లతో సహా కనబడుతూనే ఉన్నాయి.

అన్ని యాపులూ పంచుకునే ఒకే శాంపిల్ లైబ్రరీ టాబ్లెట్‌లో సాధ్యమేనా? దాన్ని బయటి ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే నిల్వ డ్రైవ్) మీద పెట్టి నేరుగా అక్కడి నుంచే వాడుకోవచ్చా? చోటు కలిసి రావడానికి ఫైళ్లను ఎంపీ3లోకి మార్చుకోవడం మంచిదేనా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

మంద్రస్థాయి

లయసాధన గారూ, మీకు కనిపిస్తున్న మూడు కాపీలు ఐప్యాడ్ వ్యవస్థ పనిచేసే తీరు వల్లనే పుట్టాయి. ఐప్యాడ్‌లో ప్రతి యాప్‌కూ విడిగా కేటాయించిన నిల్వ ప్రాంతం ఉంటుంది, మరో యాప్ మీ అనుమతి లేకుండా దానిలోని ఫైళ్లను చదవలేదు. 2017లో ఐఓఎస్ 11తో పాటు ఫైల్స్ యాప్ వచ్చిన తరువాత ఫైళ్లను మనం కళ్లతో చూసి ఒక చోటి నుంచి మరో చోటికి తరలించే వీలు కలిగింది గానీ, ఆ విభజన మాత్రం అలాగే నిలిచి ఉంది. అందువల్ల చాలా శాంప్లర్లు మీరు ఇంపోర్ట్ నొక్కగానే ఫైలును తమ ప్రాంతంలోకి కాపీ చేసుకుంటాయి. మరికొన్ని యాపులు కాపీ చేసుకోకుండా, ఫలానా ఫోల్డర్‌ను చదివే అనుమతి మీ దగ్గర ఒకసారి తీసుకుని, ఆ ఫైలు ఉన్న చోటును మాత్రం గుర్తుపెట్టుకుంటాయి.

మీ యాపుల్లో ఏది ఏ కోవకు చెందుతుందో తెలుసుకోవడమే మొదటి పని. దానికి మాన్యువల్ వెతకనక్కరలేదు. ఏదైనా ఒక చిన్న ఫైలును యాప్‌లోకి తీసుకుని, ఒక ఖాళీ ప్రాజెక్ట్‌లో పెట్టి సేవ్ చేయండి. తరువాత యాప్‌ను పూర్తిగా మూసేయండి. తెర మీది నుంచి పక్కకు జరపడం చాలదు, నడుస్తున్న యాపుల వరుసలోకి వెళ్లి పైకి తోసేయాలి, ఎందుకంటే శాంపిల్ ఇంకా మెమరీలోనే ఉండి మోగితే పరీక్ష తప్పుదారి పడుతుంది. ఇప్పుడు ఫైల్స్ యాప్‌లో ఆ మూల ఫైలు పేరు మార్చి, ప్రాజెక్ట్‌ను మళ్లీ తెరవండి. శబ్దం వస్తే ఆ యాప్ కాపీ చేసుకున్నట్టు. రాకపోతే అది మూల ఫైలు మీదే ఆధారపడుతున్నట్టు. పేరును వెనక్కి మార్చడం మరవకండి.

ఇక మీ మొదటి ప్రశ్నకు జవాబు: అన్ని యాపులూ పంచుకునే ఒకే లైబ్రరీ పూర్తిస్థాయిలో సాధ్యం కాదు, కానీ ఏ యాప్‌కూ చెందని మూల లైబ్రరీ ఒకటి తప్పకుండా సాధ్యం. ‘ఆన్ మై ఐప్యాడ్’ కింద మీరే కొత్త ఫోల్డర్ సృష్టించుకుని, ప్రతి శాంపిల్ మొదట అక్కడికే చేరేటట్టు, ఏ యాప్‌కు కావాలన్నా అక్కడి నుంచే వెళ్లేటట్టు అలవాటు చేసుకోండి. అప్పుడు శాంప్లర్ లోపలి కాపీ పోయినా ప్రాణం మీదికి రాదు. ఇది ఎందుకు ముఖ్యమంటే, యాప్‌ను డిలీట్ చేస్తే దాని ఫోల్డర్‌లోని ఫైళ్లన్నీ దానితోపాటే పోతాయి. ఆఫ్‌లోడ్ చేస్తే మాత్రం యాప్ పోయినా డాక్యుమెంట్లు, డేటా నిలిచి ఉంటాయి. కొనుక్కున్న ప్యాకులనైతే మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. మీరు మైకు పెట్టి రికార్డు చేసుకున్న శబ్దాలు ఒక యాప్ లోపల మాత్రమే ఉంటే, నా దృష్టిలో మీకున్న అసలైన ప్రమాదం అదే. ముందు వాటిని బయటికి తీయండి.

పేరు కనబడుతూ ఫైలు దొరకకపోవడానికి కారణం చాలావరకు క్లౌడ్ నిల్వ పద్ధతే. చోటు తక్కువైనప్పుడు టాబ్లెట్ ఆ ఫైలు అసలు సమాచారాన్ని తీసేసి, పేరును మాత్రం చూపిస్తూ ఉంటుంది. పక్కన మేఘం గుర్తు ఉంటే ఆ ఫైలు మీ చేతిలో లేదనే అర్థం. ఐక్లౌడ్ డ్రైవ్ వాడేవారికి ఐప్యాడ్‌ఓఎస్ 18 నుంచి, ఫోల్డర్ మీద వేలు నొక్కి పట్టుకుంటే ‘కీప్ డౌన్‌లోడెడ్’ అనే వీలు వచ్చింది. అయినా ప్రాజెక్టులు నేరుగా ఆధారపడే శాంపిళ్లను క్లౌడ్‌లో ఉంచకపోవడమే మేలని నా అభిప్రాయం. క్లౌడ్ రెండో కాపీకి పనికొస్తుంది.

తీగనాదం

ఎంపీ3 గురించి అడిగారు కాబట్టి ముందు కొంచెం లెక్క చూద్దాం. 44.1 కిలోహెర్ట్జ్ (సెకనుకు 44,100 కొలతలు; దీన్నే శాంపిల్ రేటు అంటారు), 16 బిట్ స్టీరియో వేవ్ (కుదించని శబ్దపు) ఫైలు నిమిషానికి దాదాపు 10.6 ఎంబీ తీసుకుంటుంది; 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ అయితే 17.3 ఎంబీ అవుతుంది. ఇదే లెక్కన అర సెకను నిడివి ఉన్న మోనో కిక్ 16 బిట్‌లో 44 కేబీ మాత్రమే. అంటే అలాంటి వన్‌షాట్లు వెయ్యి ఉన్నా 44 ఎంబీ దాటవు. మీ 40 జీబీని తినేస్తున్నవి వన్‌షాట్లు అయ్యే అవకాశం లేదు. పొడవైన లూపులు, ప్రతి మీటకూ అనేక స్థాయుల్లో రికార్డు చేసిన పియానో వంటి వాయిద్యాలు, కత్తిరించకుండా వదిలేసిన రికార్డింగులు, వీటన్నిటికీ పుట్టిన నకళ్లు కలిసి ఆ చోటును ఆక్రమించి ఉంటాయి. ఫోల్డర్లను పరిమాణం ప్రకారం వరుసలో పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది.

కాబట్టి ఎంపీ3లోకి మార్చడం వల్ల వన్‌షాట్ల దగ్గర మిగిలేది లేదు, లూపుల దగ్గర నష్టం ఉంది. ఎంపీ3 ఎన్‌కోడర్ (శబ్దాన్ని కుదించే ప్రోగ్రామ్) ఫైలు మొదట్లో, చివర్లో కొద్దిపాటి నిశ్శబ్దాన్ని చేరుస్తుంది. పాట వినేటప్పుడు అది చెవికి ఆనదు గానీ, లూప్ తిరిగి మొదటికి వచ్చే ప్రతిసారీ తాళం తడబడుతుంది. పైగా శాంపిల్‌ను కింది శ్రుతికి దించి సాగదీసినప్పుడు, ఎన్‌కోడర్ పారేసిన భాగం లేని లోటు స్పష్టంగా వినబడుతుంది. నాణ్యత పోకుండా కుదించాలంటే ఫ్లాక్ అనే ఫైలు పద్ధతి ఉంది. అయితే అన్ని శాంప్లర్లూ దాన్ని చదవవు కనుక దాచిపెట్టే కాపీలకే దాన్ని వాడండి. ఎడమ, కుడి రెండింటిలోనూ ఒకే శబ్దం ఉన్న స్టీరియో ఫైళ్లను మోనోగా మారిస్తే ఏమీ కోల్పోకుండా సగం చోటు మిగులుతుంది.

మార్పిడి చేసేటప్పుడు రెండు విషయాలు గమనించండి. వేవ్ ఫైలులో శబ్దంతో పాటు లూప్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, మూల స్వరం ఏదో తెలిపే సమాచారం కూడా ఉండవచ్చు. చాలా సాధారణ కన్వర్టర్లు దాన్ని తుడిచేస్తాయి, ఆ తరువాత నిలకడగా సాగవలసిన తీగ వాయిద్యం మధ్యలో తెగిపోతుంది. రెండోది శాంపిల్ రేటు. 44.1 కిలోహెర్ట్జ్ ఫైలును ఒక యాప్ మార్పిడి లేకుండా 48 దగ్గర వాయిస్తే, వేగం దాదాపు 9 శాతం పెరిగి, శ్రుతి సుమారు ఒకటిన్నర సెమీటోన్ (పక్కపక్క మీటల మధ్య దూరం) పైకి పోతుంది. మంచి యాపులు తామే సరిచేసుకుంటాయి. ఎక్కడైనా శాంపిల్ అకారణంగా శ్రుతి తప్పినట్టు అనిపిస్తే మొదట అనుమానించవలసింది దీన్నే.

బయటి ఎస్ఎస్‌డీ విషయంలో నాది కొంచెం కఠినమైన అభిప్రాయం. 2019లో ఐప్యాడ్‌ఓఎస్ 13 నుంచి ఫైల్స్ యాప్ బయటి డ్రైవులను తెరుస్తోంది, వేగానికీ లోటు లేదు. కానీ టాబ్లెట్‌కు ఉన్నది ఒకే పోర్టు. ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకు, స్పీకర్లను కలిపే పెట్టె), చార్జర్, డ్రైవ్ మూడూ ఒకే హబ్ (ఒక పోర్టును పలు పోర్టులుగా చేసే పరికరం) మీద వేలాడుతుంటే, వైరు ఒక్కసారి కదిలినా పాట మధ్యలో శాంపిళ్లు మాయమవుతాయి. డ్రైవ్‌ను మళ్లీ తగిలించినప్పుడు ఫోల్డర్ అనుమతిని కొన్ని యాపులు కొత్తగా అడుగుతాయి. అందుకే పని జరుగుతున్న పాటల శాంపిళ్లు టాబ్లెట్ లోపల, మిగిలిన లైబ్రరీ డ్రైవ్ మీద ఉండటమే సరైన ఏర్పాటు. ఆ డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ వ్యవస్థలో ఫార్మాట్ చేస్తే ఇతర కంప్యూటర్లలోనూ తెరుచుకుంటుంది. పాత వ్యవస్థ అయిన ఫ్యాట్32లో మాత్రం 4 జీబీ కంటే పెద్ద ఫైలు పట్టదు కనుక పెద్ద జిప్ ఫైళ్లు దాని మీదికి ఎక్కవు.

లయసాధన

ఇద్దరికీ ధన్యవాదాలు. పరీక్ష చేసి చూశాను. శాంప్లర్ కాపీ చేసుకుంటోంది, మల్టీట్రాక్ యాప్ మాత్రం మూల ఫైలు మీదే ఆధారపడుతోంది. పరిమాణం ప్రకారం చూస్తే తీగనాదం గారు చెప్పినట్టే పియానో, స్ట్రింగ్స్ ప్యాకులు పైకి తేలాయి. అవి ఎస్ఎఫ్‌జెడ్ పద్ధతిలో ఉన్నాయి. ఇప్పుడు అన్నిటినీ కొత్త లైబ్రరీలోకి తరలించి, బీపీఎం (నిమిషానికి ఎన్ని తాళపు దెబ్బలో), శ్రుతి తెలిసేలా పేర్లు మార్చాలనుకుంటున్నాను. కొన్ని ప్యాకుల్లో చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే పేర్లున్న ఫైళ్లు కూడా కనిపించాయి, శాంప్లర్ వాటిని తెరవలేనంటోంది. ఏ వరుసలో మొదలుపెట్టమంటారు?

నిశ్శబ్దగది

ముందుగా ఎస్ఎఫ్‌జెడ్ ప్యాకుల పేర్ల జోలికి అస్సలు వెళ్లకండి. ఎస్ఎఫ్‌జెడ్ ఫైలు నిజానికి మామూలు టెక్స్ట్ ఫైలు. దాన్ని టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిస్తే ఏ స్వరానికి, ఎంత బలంగా నొక్కినప్పుడు, ఏ ఫోల్డర్‌లోని ఏ వేవ్ ఫైలు మోగాలో వరుసగా రాసి ఉంటుంది. ఆ వేవ్ ఫైళ్లలో ఒక్కదాని పేరు మార్చినా ఆ ఒక్క స్వరం ఆ ఒక్క బలం దగ్గర మాత్రమే మూగబోతుంది, అది మీరు గమనించేసరికి ఎప్పుడు ఎందుకు పోయిందో గుర్తుండదు. దారులు ఎస్ఎఫ్‌జెడ్ ఫైలు ఉన్న చోటు నుంచి లెక్కించి రాసి ఉంటాయి కాబట్టి, ఫోల్డర్‌ను యథాతథంగా, లోపల ఏదీ కదల్చకుండా మరో చోటికి తరలించడంలో ఇబ్బంది లేదు. ఎస్ఎఫ్2 సౌండ్‌ఫాంట్లలో (శాంపిల్ వాయిద్యాలకే మరో ఫైలు పద్ధతి) శాంపిళ్లన్నీ ఒకే ఫైలులో ఇమిడి ఉంటాయి గనుక వాటికి ఈ చిక్కు రాదు.

చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యేవి శబ్దపు ఫైళ్లు కావు. మ్యాక్ కంప్యూటర్ ఫైలు గురించిన అదనపు వివరాలను అలా పక్కన రాసిపెట్టుకుంటుంది. జిప్ ద్వారానో, ఎక్స్‌ఫ్యాట్ డ్రైవ్ ద్వారానో అవి మీ దాకా వచ్చాయి. పరిమాణం కొద్ది కేబీలే ఉంటుంది, అదే పేరుతో అసలు వేవ్ ఫైలు పక్కనే ఉంటుంది. ఆ అసలు ఫైలు ఉందని చూసుకుని వీటిని నిశ్చింతగా తొలగించవచ్చు.

వన్‌షాట్లకు, లూపులకు పేర్లు మార్చడం మంచి ఆలోచనే. చాలా యాపుల బ్రౌజర్లు పేర్లను అక్షర క్రమంలో చూపుతాయి కనుక బీపీఎంను ఎప్పుడూ మూడంకెలుగా, 92ను 092గా రాయండి. లేకపోతే 100 ముందు, 92 వెనుక వస్తాయి. ప్రశ్నార్థకం, కోలన్, నక్షత్రం గుర్తు వంటివి ఎక్స్‌ఫ్యాట్ ఒప్పుకోదు. ప్యాక్‌తో వచ్చిన లైసెన్సు పత్రాన్ని మాత్రం ఆ ఫోల్డర్‌లోనే ఉంచండి, పాట విడుదల చేసే రోజున దాని అవసరం పడుతుంది.

వరుస విషయానికి వస్తే, తరలింపు మొదట చేయవద్దు. మీ మల్టీట్రాక్ యాప్ మూల ఫైళ్ల మీద ఆధారపడుతోంది గనుక, ఫోల్డర్లు కదిలిన మరుక్షణం దానిలోని పాత పాటలన్నీ శాంపిళ్లను కోల్పోతాయి. ముందు ఒక్కొక్క పాటను తెరిచి, వాడిన శాంపిళ్లను ప్రాజెక్ట్‌లోకి చేర్చే వీలు యాప్‌లో ఉంటే దాన్ని వాడండి. ఆ వీలు లేకపోతే ప్రతి ట్రాకునూ పాట మొదటి బార్ నుంచి చివరి వరకు ఒకే నిడివితో వేవ్‌గా ఎక్స్‌పోర్ట్ చేయండి. అన్నీ ఒకే చోట మొదలవుతాయి కాబట్టి ఏ యాప్‌లో పక్కపక్కన పేర్చినా సరిగ్గా అతుక్కుంటాయి. ఆ ఫోల్డర్‌కు బీపీఎం, శ్రుతి, శాంపిల్ రేటు రాసిన చిన్న టెక్స్ట్ ఫైలు జతచేసి, ఫైల్స్ యాప్‌లోనే జిప్ చేసి డ్రైవ్ మీదికి పంపండి. మీకు శాంపిళ్లు దొరకని పాట ఉంది కదా, దాని ఫైళ్లను ముందు క్లౌడ్ నుంచి పూర్తిగా డౌన్‌లోడ్ చేసి, పాటను ఒకసారి మొదటి నుంచి చివరి దాకా విన్నాకే ఎక్స్‌పోర్ట్ చేయండి.

ఇదంతా అయ్యాక లైబ్రరీని తరలించండి. తరలించిన లైబ్రరీకి డ్రైవ్ మీద ఒక కాపీ తీసుకుని, అది తెరుచుకుంటోందని చూసుకున్న తరువాత మాత్రమే డౌన్‌లోడ్స్‌లోని నకళ్లను తొలగించండి. తొలగించిన ఫైళ్లు ‘రీసెంట్లీ డిలీటెడ్’లో కొన్నాళ్లు ఉంటాయి, దాన్ని ఖాళీ చేసేదాకా టాబ్లెట్‌లో చోటు పెరగదు. ఆ ఖాళీ చేసే పనికి తొందరపడకుండా, పాత పాటలు నాలుగైదు తెరిచి విన్న తరువాత చేయండి.