'సత్ సుపెరెస్ట్'ని తెలుగులో ఏమనాలి?

అందరికీ నమస్కారం. ట్యూడర్ల కాలపు ఇంగ్లండులో సర్రే ఎర్ల్ హెన్రీ హవర్డ్ అని ఒక ప్రభువు ఉండేవాడు. సైన్యాన్ని నడిపాడు, కవిత్వమూ రాశాడు. ఆయన నిలువెత్తు చిత్రం ఒకటుంది, దాని మీద 1546 అని వేసి ఉంది. విరిగిన స్తంభం మీద చెయ్యి ఆనించి నిలబడి ఉంటాడు. అక్కడే లాటిన్‌లో 'సత్ సుపెరెస్ట్' అని రాసి ఉంటుంది. 'తగినంత శేషించి ఉన్నది' అని రాసుకున్నాను గానీ, చదువుతుంటే ప్రాణం లేనట్టుంది. ఇంకో మాట చెప్పగలరా?

— 'మిగిలింది చాలు' అనండి. హాయిగా ఉంటుంది.

— హాయిగా ఉంది నిజమే అండీ, కానీ అర్థం పక్కకి జరిగింది. 'మిగిలింది చాలు' అంటే ఉన్నదాంతో సర్దుకుంటానని. ఆ చిత్రంలో మనిషి సర్దుకునేవాడిలా లేడు. ఒంటి మీద ఖరీదైన బట్టలు, రెండు పక్కలా రాజవంశంతో తన చుట్టరికం చెప్పే డాళ్ళు. ఆ ఏడాది జనవరిలోనే ఫ్రాన్సులో బూలోన్ దగ్గర యుద్ధంలో ఓడాడు, అక్కడి సేనాధిపత్యం పోయింది. అలాంటివాడు 'చాలు' అన్నాడంటే అది తృప్తి కాదు, పంతం.

వర్జిల్ రాసిన లాటిన్ కావ్యం ఈనియడ్‌లో రెండు కాండలను ప్రాస లేకుండా ఇంగ్లీషులోకి తెచ్చిన మనిషి, లాటిన్ మాట బరువు తెలిసినవాడు. 'సుపెరెస్సె' అంటే మిగలడం, బతికి బయటపడడం, కావలసినదాని కన్నా ఎక్కువ ఉండడం కూడా. మన 'మిగులు' అచ్చం ఇలాంటిదే! అన్నం మిగిలింది అంటే శేషం. మిగులు బడ్జెట్ అంటే ఖర్చుకు మించింది. 'మిగుల సంతోషించెను' అంటే ఎంతగానో. ఇంత దగ్గరి మాట మనకుండగా 'శేషించి' ఎందుకు?

'చాలు'నీ వదలొద్దు. ఇప్పుడు సరిపోవడమనే వాడుతున్నాం గానీ, 'చేయజాలను' అన్నప్పుడు అది 'చేయలేను'. అంటే ఆ మాటలో సత్తువ కూడా ఉంది. నా ఓటు 'చాలినంత మిగిలింది'కి.

— చాలా బాగుంది అండీ. బతికి బయటపడడం అన్నారు కదా, ఆయన బయటపడ్డాడా?

— లేదండీ. పూర్వపు ఇంగ్లండు రాజు ఎడ్వర్డ్ ది కన్ఫెసర్ రాజచిహ్నాన్ని తన డాలులో కలుపుకున్నాడని రాజద్రోహం మోపి, 1547 జనవరి 19న లండన్‌లో టవర్ హిల్ మీద తల నరికారు. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. అదే కేసులో తండ్రి నార్ఫోక్ డ్యూక్‌కీ మరణశిక్షే. కానీ 28న రాజు ఎనిమిదో హెన్రీ చనిపోవడంతో ముసలాయన తల దక్కింది.

ఇంగ్లండులోని ఫ్రామ్లింగమ్ చర్చిలో సర్రే సమాధి ఉంది, 1614లో కట్టారు. రాతిలో చెక్కిన ఆయన బొమ్మకు కిరీటం తల మీద లేదు, పక్కన పెట్టి ఉంటుంది.