ఫారంలో మూడు గడులు నింపితే రికార్డులో ఒక్కటే ఎందుకు మిగిలింది?

ప్రశ్న (ఒంగోలు నాన్న, డాలస్ దగ్గర):
మా ఆవిడది మెక్సికోలోని మోంటెర్రే. పాపను బడిలో చేర్చేటప్పుడు జాతి వివరాల ఫారంలో మొదటి ప్రశ్నకు ‘హిస్పానిక్’ (లాటిన్ అమెరికా, స్పెయిన్ మూలాలవారు) అనీ, రెండో ప్రశ్నకు ‘ఏషియన్’, ‘వైట్’ అనీ టిక్కు పెట్టాం. రికార్డులో చూస్తే ‘హిస్పానిక్’ ఒక్కటే ఉంది. బాబు ఫారం ఖాళీగా ఇస్తే వాళ్ళే ‘వైట్’ అని రాసుకున్నారు. వాడికి అమ్మ రంగు వచ్చింది లెండి. ఇటువంటి లెక్కలు ఎవరికి పనికొస్తాయి?

జవాబు (రికార్డుల గుమస్తా):
నా ఉద్యోగమే ఇది. మీ జవాబులు ఎక్కడికీ పోలేదు, బడి వాటిని దాచి ఉంచాలి, అడిగి చూడండి. తేడా వచ్చేది లెక్కలను పైకి, అంటే ప్రభుత్వానికి పంపేటప్పుడు. 2007లో అమెరికా విద్యాశాఖ ఇచ్చిన మార్గదర్శకాలు 2010-11 నుంచి అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం హిస్పానిక్ అన్నారంటే మిగతా టిక్కులేవీ లెక్కలోకి రావు. హిస్పానిక్ కాకుండా రెండు జాతులు పెడితే ‘రెండు లేదా అంతకంటే ఎక్కువ’ అనే ఒకే మూటలో పడేస్తారు. తెలుగు నాన్న, తెల్ల అమ్మ ఉన్న పిల్లా, నల్లజాతి నాన్న, కొరియా అమ్మ ఉన్న పిల్లవాడూ అందులో ఒకటే.

బాబు సంగతి వేరు. కాలేజీల్లో ‘తెలియదు’ అని వదిలేయవచ్చు, పన్నెండో తరగతి వరకు ఆ వీలు లేదు. మీకు తగినంత అవకాశం ఇచ్చాక కూడా చెప్పకపోతే సిబ్బందే చూసి రాయాలి. ముఖం చూసి జాతి రాయడం నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. కానీ గడి ఖాళీగా ఉంటే, ఏ జాతి పిల్లలను ఎక్కువగా సస్పెండ్ చేస్తున్నారో పట్టుకోవడానికి ఆధారం ఉండదు.

జవాబు (హ్యూస్టన్ అత్తయ్య):
మనల్ని వైట్ అనడం కొత్తేమీ కాదు బాబూ! 1970 సెన్సస్‌లో భారతీయులను అలాగే లెక్కపెట్టారు. ‘ఏషియన్ ఇండియన్’ గడి 1980లో వచ్చింది. అయినా పిల్లలనే అడగవచ్చు కదా?

జవాబు (రికార్డుల గుమస్తా):
జాతీయ స్థాయి పరీక్ష నేప్‌లో పిల్లలనూ అడుగుతారండీ. అయితే 2002 నుంచి ఫలితాలకు ప్రధానంగా బడి రికార్డునే తీసుకుంటున్నారు. అంటే బాబు ‘ఏషియన్’ అని రాసినా, మా ఆఫీసులో ఎవరో పెట్టిన ‘వైట్’ నిలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
జాతి వివరాలు అడిగే ప్రభుత్వ నిబంధన 2024లో మారిందన్నారు?

జవాబు (రికార్డుల గుమస్తా):
మారింది. రెండు ప్రశ్నలు ఒకటయ్యాయి, మధ్యప్రాచ్యం-ఉత్తర ఆఫ్రికా గడి చేరి మొత్తం ఏడయ్యాయి. ప్రభుత్వ సంస్థలకు అప్పుడు 2029 మార్చి వరకు గడువిచ్చారు. అడిగే తీరు బాగుపడింది, సరే. మూడు టిక్కులను ఒకటిగా కుదించే అలవాటు పోతుందా అన్నదే నా అనుమానం. ఈలోగా బాబు వివరం మార్చమని రిజిస్ట్రార్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి.