వెయ్యి గజాల రైఫిల్: డబ్బు ఏ భాగం మీద పెట్టాలి?

ప్రశ్న: ప్లేనోవాసి

అందరికీ నమస్కారం. నేను డల్లాస్ పక్కన ప్లేనోలో ఉంటున్నాను. గ్రీన్‌కార్డు వచ్చిన తరువాత ఒక సహోద్యోగి వెంట జింకల వేటకు వెళ్లడం అలవాటై, మూడేళ్లుగా ఒక మామూలు .308 వేట రైఫిలుతో కాలుస్తున్నాను. రెండు వందల గజాల దాకా దానితో నాకు ఏ ఇబ్బందీ లేదు. అయితే కిందటి అక్టోబరులో ఒక రాంచ్‌లో వెయ్యి గజాల దూరాన ఉన్న ఉక్కు పలకను కొట్టడానికి ప్రయత్నిస్తే, ఇరవై తూటాలకు మూడే తగిలాయి. కాల్చిన నాలుగు సెకన్లకు గాలిలో తేలుతూ వచ్చిన ఆ 'టంగు'మనే చప్పుడు మాత్రం నన్ను వదలడం లేదు.

అందువల్ల విడి భాగాలు ఎంచుకుని ఒక రైఫిలును కూర్పించుకోవాలనుకుంటున్నాను. స్కోపుతో కలిపి ఐదు వేల డాలర్లు దాటకూడదు. ప్రెసిషన్ రైఫిల్ సిరీస్ (దూరపు గురి పోటీల వరుస) తరహా స్థానిక పోటీలలో పాల్గొనాలన్నది కోరిక. దూరం ఎక్కువ కాబట్టి .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్ అనే పెద్ద తూటా రకం తీసుకుందామని మొదట అనుకున్నాను. యాక్షన్ (బోల్టు, అది కదిలే లోహపు చట్రం), బ్యారెల్ (గొట్టం), ట్రిగ్గర్, స్టాక్ (భుజానికి ఆనే పిడి), స్కోపు, వీటిలో దేనికి ఎక్కువ ఖర్చు పెట్టాలి, దేనితో సర్దుకుపోవచ్చు అన్నది అనుభవజ్ఞులు చెప్పగలరని మనవి.

జవాబు: గొట్టంమేస్త్రి

ప్లేనోవాసి గారూ, ముందు ఆ మ్యాగ్నమ్ ఆలోచనను పక్కన పెట్టండి. ఇటువంటి పోటీలో ఒక్క రోజులో వంద తూటాల దాకా కాల్చవలసి వస్తుంది. మ్యాగ్నమ్ తన్నుకు మధ్యాహ్నానికల్లా భుజం అదరడమే కాదు, కాల్చిన మరుక్షణం స్కోపు పైకి ఎగిరిపోయి తూటా ఎక్కడ పడిందో మీ కళ్లతో మీరు చూసుకునే అవకాశం పోతుంది. తప్పిన తూటా లేపిన దుమ్ము చూసి, తరువాతి తూటాకు గాలి దిద్దుబాటు చేసుకోవడమే ఈ ఆటలో సగం విద్య. అందుకే పోటీదారులలో పైవరుసలో ఉన్నవారు 6 మిల్లీమీటర్ల చిన్న తూటాలవైపు మళ్లారు. మీకు మాత్రం నేను 6.5 క్రీడ్‌మూర్ చెబుతాను. హోర్నడీ సంస్థ 2007లో ప్రకటించిన ఈ తూటా పుట్టిందే దూరపు గురి పోటీల కోసం; మ్యాచ్ తూటాలు (పోటీల కోసం చేసినవి) ఏ దుకాణంలో అయినా దొరుకుతాయి, ఇంట్లో తూటాలు నింపుకునే పని నేర్చుకునేదాకా ఆగవలసిన అవసరం ఉండదు.

మీ .308కీ దీనికీ ఉన్న తేడా గాలిలో తెలుస్తుంది. గంటకు పది మైళ్ల అడ్డగాలి వీస్తే, 175 గ్రెయిన్ల (గుండు బరువు కొలత) .308 గుండు వెయ్యి గజాల వద్ద సుమారు ఎనిమిది అడుగులు పక్కకు పోతుంది. 140 గ్రెయిన్ల సన్నని 6.5 గుండు ఐదారు అడుగులతో సరిపెట్టుకుంటుంది. గాలిని రెండు మైళ్లు తప్పుగా అంచనా వేసినా పలక అంచు తగిలే అవకాశం మిగులుతుందన్నమాట.

ఇక బ్యారెల్. మీ డబ్బులో మొదటి వాటా దీనిదే. యాక్షన్ ఎంత నున్నగా జారినా, ట్రిగ్గర్ ఎంత తేలికగా కదిలినా, గుండు చివరిసారిగా తాకేది ఈ గొట్టాన్నే. లోపలి చారలను కట్టర్‌తో కొంచెం కొంచెంగా చెక్కేవారు కొందరు (విస్కాన్సిన్‌లోని క్రీగర్, బార్ట్‌లైన్ ఆ కోవలోనివారు), గట్టి బటన్‌ను గొట్టంలోంచి లాగి చారలు దింపేవారు మరికొందరు. మీ ఇంటికి గంట దూరంలో, ఎన్నిస్‌లో ఉన్న షిలెన్ ఈ రెండో పద్ధతివారు. రెండు పద్ధతుల్లోనూ అద్భుతంగా కాల్చే బ్యారెళ్లు ఉన్నాయి, కాబట్టి ఆ వాదనలో పడి నిద్ర పాడు చేసుకోకండి. మీరు పట్టించుకోవలసింది ట్విస్టు: 140 నుంచి 147 గ్రెయిన్ల పొడుగాటి గుండ్లు స్థిరంగా తిరగాలంటే ఎనిమిది అంగుళాలకు ఒక చుట్టు ఉండాలి. పొడవు 26 అంగుళాలు, మందం బరువైన రకం. సన్నని వేట బ్యారెల్ వేడెక్కే కొద్దీ గురి మారుస్తుంది. మందపాటిది ఆ వేడిని చాలాసేపు ఓర్చుకుంటుంది, పైగా దాని బరువే తన్నును మింగుతుంది.

బ్యారెల్ అరిగిపోయే సరుకని కూడా గుర్తుంచుకోండి. 6.5 క్రీడ్‌మూర్ బ్యారెల్ సాధారణంగా రెండున్నర మూడు వేల తూటాల తరువాత ఛేంబర్ (తూటా కూర్చునే చోటు) ముందుభాగంలో మాడి, పగుళ్లు వచ్చి, తూటాలు పడే గుంపు విచ్చుకోవడం మొదలవుతుంది. కారు టైరు మార్చుకున్నట్టు దీన్ని మార్చుకోవలసిందే. యాక్షన్ ఎంపిక ఇక్కడికి వచ్చి ముడిపడుతుంది. 1962లో వచ్చిన రెమింగ్టన్ 700 కొలతలనే అనుసరించి ఇవాళ చాలామంది కొత్త యాక్షన్లు చేస్తున్నారు. వాటికి స్టాకులు, ట్రిగ్గర్లు, మ్యాగజైన్లు అన్నీ సులువుగా దొరుకుతాయి. ఆ కొత్తవాటిలో ఇంపాక్ట్ 737ఆర్, జెర్మాట్ వారి ఆరిజిన్ వంటివి కొలత తప్పకుండా తయారవుతాయి కనుక, ముందే ఛేంబర్ కోసి ఉంచిన బ్యారెల్ తెప్పించుకుని బిగించుకోవచ్చు. పాత యాక్షన్ కొని దాన్ని గన్‌స్మిత్ దగ్గర లేత్ మీద సరిచేయించడం ఒకనాటి పద్ధతి. ఇప్పుడు ఆ కూలీ డబ్బుతోనే మంచి యాక్షన్ వచ్చేస్తోంది, నెలల తరబడి ఎదురుచూడడమూ తప్పుతుంది.

ముందే కోసిన బ్యారెల్ అయినా హెడ్‌స్పేస్ (బోల్టు ముఖం నుంచి ఛేంబర్‌లో తూటా ఆగే చోటు దాకా ఉన్న కొలత) చూడకుండా ఒక్క తూటా కూడా పెట్టకండి. 'గో' గేజి మీద బోల్టు మూసుకోవాలి, 'నో గో' గేజి మీద మూసుకోకూడదు. ఈ పనిలో చేయి తిరగకపోతే గన్‌స్మిత్‌కు కొంచెం డబ్బిచ్చి చేయించుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

ట్రిగ్గర్ గురించి ఒకే మాట. ఎనిమిది ఔన్సుల బలానికే పేలే ట్రిగ్గర్ బెంచి మీద ముద్దుగా ఉంటుంది. పడమటి టెక్సాస్ దుమ్ములో, చేతికి గ్లవ్ వేసుకుని, గుండె కొట్టుకుంటున్నప్పుడు అదే శత్రువవుతుంది. పౌండు, పౌండున్నర మధ్య ఆగండి. స్టాకు విషయంలో రకం కన్నా మీ ఒంటికి కుదరడం ముఖ్యం: భుజానికి ఆనే భాగం పొడవు, చెంప ఆనే ఎత్తు రెండూ సర్దుకోగల ఛాసిస్ (లోహపు స్టాకు) అయితే చాలు. కళ్లు మూసుకుని చెంప ఆనించి, కళ్లు తెరిచేసరికి స్కోపు నిండుగా కనిపించాలి.

జవాబు: రెండోబ్యారెల్

మేస్త్రి గారు చెప్పినదంతా సరైనదే, అయినా ప్లేనోవాసి గారికి ఈ ఏడాది ఆ రైఫిలు అవసరమా అన్నది నా సందేహం. ఐదు వేలలో మూడు వేలు రైఫిలుకే పోతే మిగిలిన రెండు వేలలో స్కోపు, దాన్ని పట్టి ఉంచే మౌంటు, బైపాడ్ (ముందు ఆసరాకు రెండు కాళ్లు) రావాలి. తూటాలకు ఏమీ మిగలదు. మ్యాచ్ తూటా ఒక్కొక్కటి డాలరున్నర నుంచి రెండు డాలర్లు ఉన్న రోజుల్లో, వెయ్యి తూటాలు కాల్చని చేతికి గొప్ప రైఫిలు ఇవ్వడం ఈత రానివాడికి పడవ రంగు గురించి చెప్పినట్టు ఉంటుంది. టిక్కా టి3ఎక్స్ వంటి ఫ్యాక్టరీ రైఫిలును 6.5 క్రీడ్‌మూర్‌లో కొని, దాని బ్యారెల్ అరిగేదాకా కాల్చండి. అప్పటికి మీకు ఏం కావాలో మీ భుజమే చెబుతుంది.

స్కోపు మీద మాత్రం పిసినారితనం వద్దు. మొదటి ఫోకల్ ప్లేన్ రకం, మిల్ (కోణం కొలత) గీతలు, మిల్ టరెట్లు (గురి సర్దే తిరుగుడు గుండీలు) ఉన్నదే తీసుకోండి. జూమ్ ఎక్కడ ఉన్నా గీతల కొలత మారదు. ఒక మిల్ అంటే వెయ్యి గజాల వద్ద 36 అంగుళాలు, ఒక్క క్లిక్కు అందులో పదో వంతు. 100 గజాలకు సున్నా చేసిన (గురి కుదిర్చిన) 6.5 తో వెయ్యి గజాలకు ఎనిమిది, తొమ్మిది మిల్‌లు పైకి తిప్పవలసి వస్తుంది. అన్నిసార్లు తిప్పి వెనక్కి తెస్తే టరెట్ మళ్లీ అదే సున్నాకు రావాలి. అద్దం స్వచ్ఛత కన్నా ఈ నమ్మకమే విలువైనది. ఇరవై ఎంఓఏ (ఇదీ కోణం కొలతే) వాలు ఉన్న రైలు (స్కోపును బిగించే పట్టీ) గురించి చాలా రాద్ధాంతం చేస్తారు గాని, వెయ్యి గజాలకే పరిమితమైతే నేటి 34 మిల్లీమీటర్ల గొట్టపు స్కోపులకు అది లేకపోయినా గడుస్తుంది. ఉంటే నష్టం లేదు.

ఇక నా బుద్ధితక్కువ పని ఒకటి చెప్పాలి. రెండేళ్ల కిందట ఒక పోటీలో మూడో స్టేజీకి వచ్చేసరికి నా తూటాలు ఒక్కసారిగా పలకకు కుడీ ఎడమా చెల్లాచెదురయ్యాయి. రెండు వేల తూటాలు కాల్చిన బ్యారెల్ కనుక అది చచ్చిపోయిందని తీర్మానించి, ఆ రాత్రే కొత్తదానికి ఏడు వందల డాలర్లు కట్టేశాను. మరునాడు పాతది విప్పుదామని కూర్చుని, రైలును యాక్షన్‌కు పట్టి ఉంచే మరల్లో వెనకదాని మీద వేలు పెడితే అది సగం చుట్టు దానంతటదే తిరిగింది. దాన్ని బిగించాక అదే 'చచ్చిన' బ్యారెల్ ఇంకో తొమ్మిది వందల తూటాలు చక్కగా కాల్చింది. అప్పటినుంచి టార్క్ రెంచి (మర ఎంత బిగిసిందో కొలిచే పనిముట్టు) లేకుండా ఒక్క మర కూడా ముట్టుకోవడం లేదు; బిగించిన ప్రతి మర తల మీదా పక్కనున్న లోహం మీదా కలిపి తెల్ల రంగుతో ఒక గీత గీస్తాను. గీత విరిగిందంటే మర కదిలిందన్నమాట. ఐదు వేల లెక్కలో అరవై డాలర్లు ఆ రెంచికి కేటాయించండి.

జవాబు: గొట్టంమేస్త్రి

రెండోబ్యారెల్ గారి వాదనను కొట్టిపారేయలేను. ఫ్యాక్టరీ రైఫిలు అమ్మితే సగం ధరే వస్తుంది కదా అన్నదొక్కటే నా అభ్యంతరం. ఏ దారిలో వెళ్లినా, మూడు తూటాల గుంపు చూసి బ్యారెల్ మీద తీర్పు చెప్పకండి. మూడు తూటాలు కలిసిపోవడం అదృష్టం. పది ఒకే అంగుళంలో పడితే అది రైఫిలు గుణం. అలాగే తూటాల వేగం కొలిచే యంత్రం ఎవరినైనా అడిగి తెచ్చుకోండి. వేగంలో సెకనుకు యాభై అడుగుల తేడా వస్తే వంద గజాల వద్ద కంటికి ఆనదు, వెయ్యి గజాల వద్ద దాదాపు ఒక అడుగు కిందా మీదా అవుతుంది. కొత్తవారు ఆ అడుగును గాలి ఖాతాలో రాసేస్తుంటారు.

జవాబు: కాగితాలపెద్దన్న

భాగాల ముచ్చటలో ఒక సంగతి మరుగున పడుతోంది. అమెరికా కేంద్ర చట్టం దృష్టిలో రైఫిలు అంటే యాక్షనే. దాన్ని తెప్పించుకుంటే లైసెన్సు ఉన్న డీలరు దగ్గరకే వస్తుంది, 4473 ఫారం నింపి నేపథ్య తనిఖీ పూర్తయ్యాకే చేతికి ఇస్తారు. బ్యారెల్, ఛాసిస్, స్కోపు మాత్రం సాధారణంగా నేరుగా ఇంటికే వస్తాయి. గ్రీన్‌కార్డు ఉన్న మీకు అడ్డు లేదు. ఇది చదివే తమ్ముళ్లలో హెచ్1బి మీద, ఎఫ్1 మీద ఉన్నవారు మాత్రం జాగ్రత్తగా వినండి: వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్పితే, మీరు తుపాకీ కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడమూ నేరమే. స్నేహితుడు సరదాగా చేతికిచ్చినా సరే, ముందు వకీలును అడగండి.

మరొకటి. రేంజికి తీసుకువెళ్లే సంచిని ఇండియా ప్రయాణానికి వాడకండి. నేను ఒకసారి వాడాను. పక్క జేబు కుట్టులో ఇరుక్కున్న ఒకే ఒక్క తూటా స్కానర్‌లో కనిపించింది. ఆ రోజు విమానం తప్పిపోవడమే తేలికపాటి శిక్ష అనిపించింది. మన ఆయుధ చట్టం (1959) తుపాకీతో పాటు దాని విడిభాగాలనూ ఆయుధాలుగానే లెక్కిస్తుంది. కాబట్టి 'ఒక్క బ్యారెలే కదా' అని ఊళ్లో బంధువు కోసం పెట్టెలో పెట్టుకునే ఆలోచన కలలో కూడా వద్దు.

జవాబు: పాయింట్ ఇరవైరెండు, హైదరాబాదు

నేను గచ్చిబౌలి రేంజిలో 50 మీటర్ల ప్రోన్ (బోర్లా పడుకుని కాల్చేది) కాలుస్తాను. మీ వెయ్యి గజాలు మాకు ఊహలోనిదే. అయినా ఒక మాట చెప్పాలనిపించింది. మా గురిపలకలో పది పాయింట్ల వృత్తం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. ఆ చిన్న చుక్క కోసం మేము బ్యారెళ్లు మార్చం, తూటాల లాట్ (ఒకేసారి తయారైన వరుస) మారుస్తాం. ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే ధర ఉన్న రెండు లాట్‌లలో ఒకటి నా రైఫిలులో వృత్తంలోనే పడుతుంది, రెండోది బయటికి చిమ్ముతుంది. మీరూ మూడు రకాల మ్యాచ్ తూటాలు ఒక్కొక్క పెట్టె తెచ్చి పరీక్షించి, నచ్చినదాన్ని ఒకే లాట్‌లో వీలైనంత కొని పెట్టుకోండి.

వీలైతే అదే తరహా ఛాసిస్‌లో ఒక .22 కూడా ఉంచుకోండి. వంద గజాల వద్ద .22 గుండును గాలి ఆడించే తీరు చాలా నేర్పుతుంది, ఖర్చూ చాలా తక్కువ.

ప్లేనోవాసి

అందరికీ కృతజ్ఞతలు. .300 మ్యాగ్నమ్ ఆలోచన మానుకున్నాను. రెండు రోజులు లెక్కలు వేసి చివరికి నడిమి దారి పట్టాను: 6.5 క్రీడ్‌మూర్‌లో ఫ్యాక్టరీ టిక్కా, దానికి సర్దుబాటు ఛాసిస్, మిగిలినదానిలో పెద్ద భాగం స్కోపుకు, ఎనిమిది వందల డాలర్లు తూటాలకు. రెంచి నిన్ననే కొన్నాను. పాత .308 మీద ఊరికే ప్రయత్నించి చూస్తే స్కోపు రింగు మరలు నాలుగింటిలో రెండు వదులుగా ఉన్నాయి.

ఆ ఇరవైలో పదిహేడు ఎందుకు తప్పాయో ఇప్పుడు నాకు సరిగా తెలియడం లేదు. ఈ శనివారం మళ్లీ అదే రాంచ్‌కు, అదే .308తో వెళ్తున్నాను. మేస్త్రి గారూ, వేగం కొలిచే యంత్రం డల్లాస్ చుట్టుపక్కల మీకు తెలిసినవారి దగ్గర ఉంటే రెండు రోజులకు ఇప్పించగలరా?