బిట్రగుంట పాత స్టీమ్ షెడ్డు: నిలబెట్టాలా, కూల్చి ఫ్యాక్టరీ అడగాలా?

షెడ్డు బిడ్డ:
పోయిన వారం కొండబిట్రగుంటలో స్వామి దర్శనం చేసుకుని వస్తా వస్తా ఆవిరి రైలింజన్లు నిలిపి బాగుచేసే పాత షెడ్డు వైపు పోయినా. కంప చెట్లు మొలిచి కాలు పెట్టే దారి లేదు. మా నాయన ఆడ ఇంజన్లో బొగ్గేసే ఫైర్‌మన్. ఇప్పుడు కొంతమంది ఆ గోడలన్నీ కొట్టేసి ఆ జాగాలో ఏదన్నా ఫ్యాక్టరీ పెట్టమని అడుగుదాం అంటుండారు. నేను ఒప్పుకోను. మిగిలిన గోడలు నిలబెట్టి, ఒక ఆవిరి ఇంజను తెచ్చి పెట్టి మ్యూజియం చెయ్యాల. మన ఊరు పుట్టిందే ఆ షెడ్డు వల్ల. మీరేమంటారు?

ఉలవపాడు:
మ్యూజియం ఎవరు చూస్తారన్నా. పిల్లోళ్ళకి ఉద్యోగాలు కావాల.

పెన్నాగట్టు:
ముందు అసలు సంగతి తెలుసుకోండి. బెజవాడ నించి మద్రాసు దాదాపు 430 కిలోమీటర్లు, బిట్రగుంట ఇంచుమించు నడిమధ్యలో ఉండాది. 1899లో ఆ లైను కలిసినాక బొగ్గు ఇంజన్లు ఏకబిగిన అంత దూరం లాగలేవు కాబట్టి మధ్యలో ఒక చోట నీళ్ళు పట్టాల, బొగ్గెయ్యాల, బూడిద తియ్యాల, ఇంజను మార్చాల, డ్రైవర్ని మార్చాల. అందుకనే ఇంత పెద్ద నెల్లూరు ఉండగా ఈ పల్లెలో రైల్వే కాలనీ లేచింది. అది మద్రాసు రైల్వే వాళ్ళ చేతిలో ఉన్నన్నాళ్ళు వెలిగింది. 1966 అక్టోబరు 2న సౌత్ సెంట్రల్ రైల్వే పెట్టి మనల్ని సికింద్రాబాద్ కింద వేసినారు, ఆ రోజు నించే దిగజారింది. ఇది ఎవురూ చెప్పరు.

షెడ్డు బిడ్డ:
అన్నా మొదటి మాట కరెక్టు, రెండోది తప్పు. 1966 తర్వాత పదేళ్ళకి పైగా నేను ఆ కాలనీలోనే పెరిగినా. రాత్రి రెండింటికి డ్యూటీకి పిలిచే కాల్ బాయ్ లాంతరు పట్టుకుని వచ్చి తలుపు కొడితే మా నాయన నిద్ర కళ్ళతోనే పుస్తకంలో సంతకం పెట్టేవాడు, అమ్మ అప్పుడు పొయ్యి ముట్టించి సద్ది కట్టి ఇనప లైన్ బాక్సులో పెట్టేది. డ్యూటీ నించి వస్తే ఆయన రెప్పల మీద కూడా బొగ్గు నుసి. ఆ బాక్సు ఇప్పటికీ మా ఇంట్లో ఉండాది, మూత తీస్తే ఇంకా నూనె వాసన వస్తది. దిగజారింది కరెంటు లైను వల్ల. 1980 నాటికి బెజవాడ-మద్రాసు మొత్తం కరెంటు అయిపోయింది, కరెంటు ఇంజనుకి నీళ్ళూ వద్దు బొగ్గూ వద్దు, నడిమధ్య ఆగాల్సిన పనే లేదు. ఇంజను ఆగకపోతే ఊరెట్టా నిలబడతది?

పెన్నాగట్టు:
కరెంటు అన్ని ఊళ్ళకీ వచ్చింది. అన్ని ఊళ్ళూ ఇట్టా కాలేదే? బెజవాడకి ఎలక్ట్రిక్ షెడ్డు ఇచ్చినారు. మనకి ఎందుకు ఇయ్యలేదు? అడిగే వాళ్ళు మద్రాసులో ఉండుంటే ఇచ్చుండేవాళ్ళు. 1966 అనే నేను మళ్ళీ చెప్తుండా.

షెడ్డు బిడ్డ:
బెజవాడ నాలుగు దిక్కుల లైన్లు కలిసే జంక్షన్, మనది ఒకటే లైను. దీనికి 1966కి ఏం సంబంధం?

పెన్నాగట్టు:
సంబంధం ఉండాది. నువ్వు అప్పుడు చిన్నపిల్లోడివి.

కావలి_72:
పెద్దోళ్ళు ఇద్దరూ తారీఖుల కాడే ఆగిపోయినారు. షెడ్డు ఏం చెయ్యాలనేది గదా అడిగింది.

బోగోలు కుర్రోడు:
నేను నిన్నటి నించీ చదువుతానే ఉండా. 'మన ఊరు పుట్టిందే షెడ్డు వల్ల' అంటే మరి మేమెవరం? కొండ మీద గుడి, కింద పల్లెలు, బోగోలు, ఇయ్యన్నీ రైలు రాకముందే ఉండాయి. మా నాయన చిన్నప్పుడు కాలనీలో సినిమా వేస్తే లోపలికి రానిచ్చేవాళ్ళు కాదంట, కంచె అవతల తెర వెనక నిలబడి చూసేవాళ్ళంట, అక్షరాలన్నీ తిరగబడి కనపడేయంట. మీకది మంచి కాలం, మాకు కంచె. ఇప్పుడు ఆ కంచెకి మ్యూజియం కట్టమంటుండారు.

షెడ్డు బిడ్డ:
ఎవురో గేటు కాడ ఒక పెద్దమనిషి చేసిన దానికి మొత్తం కాలనీని అంటావా? మా నాయన రోజుకి పన్నెండు గంటలు మంట ముందు నిలబడి పార పట్టినోడు, ఆయనేమన్నా దొరా? 1974 మే 8న రైల్వే సమ్మె మొదలైతే 20 రోజులు మా ఇంట్లో గంజి తాగి బతికినాం. నీకేం తెలుసు?

బోగోలు కుర్రోడు:
తెలుసు. ఎందుకంటే ఆ గంజికి బియ్యం ఇచ్చింది బజారులో మా తాత. సమ్మెలో జీతాల్లేకపోతే కాలనీ వాళ్ళందరికీ అరువు ఇచ్చినాడు. ఆ ఖాతా పుస్తకం మా అటక మీద ఉండాది, ఎర్ర అట్ట, సగం చెదలు తిన్నాది. కొంతమంది నెల నెలా తీర్చినారు. షెడ్డు పనులు తగ్గి బదిలీలు వచ్చినప్పుడు మిగతావాళ్ళు రాత్రికి రాత్రి సామాను ఎక్కించుకుని పోయినారు. మా తాత కొట్టు రెండేళ్ళు తిరక్కుండా మూతబడింది. మీకు బెజవాడలో ఇంకో క్వార్టరు దొరికింది. మాకు ఈ ఊరే మిగిలింది. ఈడ మిగిలినోళ్ళకి ఏం కావాలో బదిలీ అయి పోయినోళ్ళు చెప్తే కడుపు మండతది.

ఉలవపాడు:
ఇదీ అసలు గొడవ.

ఇసకపల్లి:
నేను మధ్యలో ఒక మాట చెప్తా. 1989 నవంబరు తుఫాను కావలి దగ్గర తీరం దాటినప్పుడు మా గుడిసె లేచిపోతే కాలనీలో ఒక రైలు గార్డు గారి ఇంట్లో పదకొండు మందిమి తలదాచుకున్నాం. ఆ మందం గోడలు కదల్లేదు. ఆ ఇంటామె మా అవ్వకి తన పొడి చీర ఇచ్చింది. అందుకని నాకు ఆ ఇళ్ళు కూల్చాలంటే చెయ్యి రాదు. ఫ్యాక్టరీ వద్దనడంలా, ఖాళీ జాగా ఉండాది గదా, ఆడ పెట్టమనండి.

పెన్నాగట్టు:
ఖాళీ జాగా ఎందుకు మిగిలిందో కూడా 1966 లోనే ఉండాది.

కావలి_72:
అన్నా, దయచేసి.

షెడ్డు బిడ్డ:
బోగోలు తమ్ముడూ, రాత్రంతా నిద్ర పట్టలా. మేము 1979లో పోయినాం. అమ్మ బజారు బాకీలన్నీ కట్టినామనే చెప్పేది, నేను చూళ్ళా. మ్యూజియం మాట నేను మార్చుకోను. అయితే అందులో ఇంజను ఒకటే పెడితే సరిపోదు, మీ తాత పుస్తకం గూడా ఉండాల. ముందు దాంట్లో మా నాయన లెక్క ఉండాదేమో చూసి చెప్పు. ఉంటే ఎంతైనా కడతా.

బోగోలు కుర్రోడు:
డబ్బులకి చెప్పలేదన్నా. నాకు మాత్రం ఫ్యాక్టరీయే కావాల, ఇంట్లో డిగ్రీ చదివిన చెల్లెలుండాది. పుస్తకంలో పేర్లు ఉండవు, తాత పని పేరు, ఇళ్ళ లైను పేరు రాసుకునేవాడు. మీ నాయన ఏ లైన్లో ఉండేవాడు?

షెడ్డు బిడ్డ:
షెడ్డు వెనక రెండో లైను. చింత చెట్టు పక్క ఇల్లు.

బోగోలు కుర్రోడు:
ఇప్పుడు డ్యూటీలో ఉండా. ఇంటికి పోయి అటక ఎక్కి చూస్తా.