గుండె మీద పెట్టే స్కారబ్ తాయెత్తు: ప్రార్థనా, సాక్షి నోరు నొక్కడమా?

పాతరాయి:
ప్రాచీన ఈజిప్టులో డబ్బున్నవాళ్ల మమ్మీల ఛాతీ మీద పచ్చరాతి పేడపురుగు బొమ్మ (స్కారబ్) పెట్టేవాళ్లు. దాని అడుగున మృతుల గ్రంథంలోని (చనిపోయినవాళ్ల పరలోక ప్రయాణానికి రాసిన మంత్రాల సంకలనం) 30బి మంత్రం చెక్కేవాళ్లు. చనిపోయాక దేవతల విచారణలో గుండెను సత్యానికి గుర్తైన ఈకతో తూస్తారని నమ్మేవాళ్లు. సారాంశం ఇది: ఓ గుండె, విచారణలో నాకు ఎదురు సాక్ష్యం చెప్పకు, తూకం దగ్గర అడ్డం తిరగకు. పునరుజ్జీవనానికి గుర్తని అందరూ అంటారు గానీ, నాకిది సాక్షిని లొంగదీసుకోవడంలా ఉంది.

నైలుగట్టు:
లొంగదీసుకోవడం కాదండీ, బతిమాలుకోవడం. వాళ్ల దృష్టిలో ఆలోచన, జ్ఞాపకం అన్నీ గుండెలోనే. అందుకే కాలేయం, ఊపిరితిత్తులు తీసేసినా గుండెను ఒంట్లోనే ఉంచేవాళ్లు. తూకంలో తేడా వస్తే మొసలి తల రాక్షసి అమ్మిట్ దాన్ని మింగేస్తుంది, ఇక పరలోకం లేనట్టే. ఆ టెన్షన్ ఊహించుకోండి. పైగా పేడపురుగునే ఎందుకు ఎంచుకున్నారు? అది ఉండను దొర్లించినట్టే ఖెప్రి దేవుడు పొద్దున్నే సూర్యుణ్ణి దొర్లిస్తాడని, ఆ ఉండలోంచి పిల్లపురుగులు వాటంతటవే పుడతాయని నమ్మారు. చీకటి దాటి నేనూ లేవాలన్న ఆశ అది. నోరు నొక్కడానికైతే ఇంత సూర్యుడి గోల దేనికి?

పాతరాయి:
మరి అదే గ్రంథంలో 125వ అధ్యాయం? చనిపోయినవాడు 42 మంది దేవతల ముందు "దొంగిలించలేదు, అబద్ధమాడలేదు" అని వరసపెట్టి చెప్తాడు. అంత నిజాయతీపరుడికి గుండె అంటే భయమెందుకు? ఇంకోటి, ఇదంతా డబ్బున్నవాళ్ల సంగతి. బ్రిటిష్ మ్యూజియంలో సోబెకెమ్‌సాఫ్ రాజుది చూడండి: పచ్చ జాస్పర్ పురుగు, దానికి మనిషి ముఖం, కింద బంగారు పీట, బంగారు కాళ్లు. పేదవాడి గుండె ఏం వాగినా దిక్కులేదన్నమాట.

ముద్రల_పిచ్చి:
మీరిద్దరూ ఒక్క రకాన్నే పట్టుకు వేలాడుతున్నారు. చిన్న స్కారబ్‌లతో ముద్రలు వేసేవాళ్లు. మూడో అమెన్‌హోటెప్ రాజైతే పదేళ్లలో 102 సింహాలను చంపానని పెద్ద స్కారబ్‌ల మీద చెక్కించి పంచాడు. అక్కడ పాపభయం ఏముంది, పబ్లిసిటీ తప్ప!

నైలుగట్టు:
అవి వేరండీ, కలపకండి. పేదవాళ్ల మాట ఒప్పుకుంటా. కానీ సాక్షి అంటే పరాయివాడు. 30బిలో గుండెను "నా ఒంట్లో ఉన్న నా కా నువ్వే" అంటాడు. కా అంటే వాళ్లకు ప్రాణశక్తి. తన మనసే తన మీద తిరగబడుతుందేమోనని బెంగ.

పాతరాయి:
బెంగుంటే తప్పు కడిగెయ్యమని అడగొచ్చుగా?

నైలుగట్టు:
అడిగాడు. 126వ అధ్యాయం చదవండి. నిప్పు మడుగు చుట్టూ కూర్చున్న నాలుగు బబూన్ కోతులను "నాలోని చెడును తీసెయ్యండి" అని వేడుకుంటాడు. అవి లోపలికి రమ్మంటాయి కూడా.

పాతరాయి:
కోతులను అడిగాడు సరే, గుండెను మాత్రం మాట్లాడొద్దన్నాడు. నేనన్నదీ అదే.