అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఎమిట్ స్మిత్ యార్డులు ఎక్కువే, సరే. అందరికంటే గొప్పవాడూ అతనేనా?

ఇర్వింగ్ గోదారోడు:
18,355 రషింగ్ యార్డులు (బంతి పట్టుకుని పరుగెత్తి సాధించిన దూరం), 164 రషింగ్ టచ్‌డౌన్లు (అలా పరుగెత్తి గోల్ లైన్ దాటినవి). రెండూ ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) రికార్డులే. అతను ఆట మానేసి ఇరవై ఏళ్లు దాటినా ఎవరూ అందుకోలేదు. డల్లాస్ జట్టుతో మూడు సూపర్ బౌల్స్ (లీగ్ ఫైనల్స్) కూడా గెలిచాడు. ఎమిట్ స్మిత్‌ని మించిన రన్నింగ్ బ్యాక్ (బంతితో పరుగెత్తే ఆటగాడు) లేడని నా మాట. కాదనేవాళ్లు ఎందుకో చెప్పండి.

నోవై నివాసి:
నేను కాదంటాను అన్నా. ఆ యార్డుల కోసం ఎమిట్ 15 సీజన్లు ఆడాడు, బంతి పట్టుకుని 4,409 సార్లు పరుగెత్తాడు. పరుగుకి సగటున 4.2 యార్డులు. మా డెట్రాయిట్ బ్యారీ శాండర్స్ పదే సీజన్లలో 15,269 తీశాడు, పరుగుకి 5 చొప్పున. ఎమిట్‌కి క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) ట్రాయ్ ఐక్‌మన్, ఆ బంతి అందుకునే మైకేల్ ఇర్విన్ తోడున్నారు. డెట్రాయిట్‌లో నిలకడైన క్వార్టర్‌బ్యాక్ కూడా లేడు. ఎదుటి జట్టు చూపంతా బ్యారీ మీదే.

బంతి చేతికొచ్చేసరికే ఇద్దరు మీద పడుతుంటే, కబడ్డీలో కూతకెళ్లినవాడిలా ఒక్క క్షణం ఆగి, ఒంటికాలి మీద దిశ మార్చి బయటపడేవాడు. 1997 చూడండి. మొదటి రెండు మ్యాచ్‌లూ కలిపి 53 యార్డులే. తర్వాతి 14 మ్యాచ్‌లలో ప్రతిదాంట్లోనూ వంద దాటాడు. సీజన్ మొత్తం 2,053! 1999లో రిటైరయ్యేనాటికి, షికాగో ఆటగాడు వాల్టర్ పేటన్ పేరిట ఉన్న మొత్తం యార్డుల రికార్డుకి 1,457 యార్డుల దూరంలోనే ఉన్నాడు, వయసు 31. ఇంకొక్క ఏడాది ఆడుంటే చాలేది. ఇప్పటికీ బాధేస్తుంది.

ఇర్వింగ్ గోదారోడు:
బాధ అర్థమైంది తమ్ముడూ. కానీ 1994 ప్లేఆఫ్స్‌లో గ్రీన్ బే మీద బ్యారీ ఎంత తీశాడు? 13 పరుగులకి మైనస్ 1 యార్డు. ఎమిట్ అలా వెనక్కి పోయేవాడు కాదు, రెండు యార్డులు కావాల్సినచోట రెండు తెచ్చేవాడు. తోడు వల్లే అంతా అంటారా? 1993లో కాంట్రాక్టు తేలక ఎమిట్ మొదటి రెండు మ్యాచ్‌లు ఆడలేదు. ఐక్‌మన్ ఉన్నాడు, ఇర్విన్ ఉన్నాడు, రెండూ ఓడిపోయారు. అతనొచ్చాక అదే జట్టు సూపర్ బౌల్ గెలిచింది. ఆ సీజన్ చివరి లీగ్ మ్యాచ్‌లో భుజం కీలు దెబ్బతిన్నా బయటికి రాకుండా న్యూయార్క్ జెయింట్స్ మీద 168 యార్డులు పరుగెత్తాడు.

నోవై నివాసి:
ఆ రెండు మ్యాచ్‌ల సంగతికి నా దగ్గర జవాబు లేదు. ఒప్పుకుంటున్నా.

షికాగో చెల్లి:
పేటన్‌ని రికార్డు దగ్గర తలుచుకుని వదిలేశారేం? 13 సీజన్లలో ఒక్క మ్యాచే తప్పాడు. 1977లో ఫ్లూతో ఆడి మినెసోటా మీద 275 యార్డులు తీశాడు.

ఒహాయో పెద్దాయన:
మీరంతా మొత్తం యార్డులు లెక్కేస్తున్నారు బాబూ. జిమ్ బ్రౌన్ ఆడిన కాలంలో (1957–65) సీజన్‌కి మొదట 12, తర్వాత 14 మ్యాచ్‌లే. అందుకే మ్యాచ్‌కి ఎంతో చూడాలి: 104.3 యార్డులు. కెరీర్ మొత్తం మీద వంద దాటిన సగటు ఇంకెవరికీ లేదు. తొమ్మిది సీజన్లలో ఎనిమిదిసార్లు లీగ్‌లో మొదటివాడు, ఒక్క మ్యాచ్ కూడా తప్పలేదు. ముప్పయ్యేళ్లకే ఆట వదిలేశాడు.

నోవై నివాసి:
మాస్టారూ, అప్పటి డిఫెన్స్‌లో చాలామంది బరువులో బ్రౌన్‌కి సమానంగా కూడా ఉండేవాళ్లు కాదు కదండీ.

ఒహాయో పెద్దాయన:
ఆ డిఫెన్స్‌ల మీదే మిగతావాళ్లూ ఆడారుగా. 1963లో బ్రౌన్ 1,863 యార్డులు తీశాడు. రెండో స్థానం జిమ్ టేలర్‌ది, అతనూ హాల్ ఆఫ్ ఫేమ్ ఆటగాడే. 1,018 తీశాడు. బ్యారీకీ ఎమిట్‌కీ వాళ్ల తర్వాతివాడితో అంత తేడా ఏ ఏడాది ఉందో చూపించండి.

నోవై నివాసి:
2,053 తీసిన 1997లో కూడా లేదండీ. నాకు బ్యారీ ఇక రెండోవాడు.

ఇర్వింగ్ గోదారోడు:
నేను మారను. గోల్ లైన్‌కి రెండు యార్డులుంటే ఇప్పటికీ బంతి ఎమిట్‌కే ఇస్తాను.