ఫ్యాక్టరీ అకౌంట్స్ నుంచి ట్రెజరీలోకి వెళ్లొచ్చా?

రాజాం_కామర్స్:
అందరికీ నమస్కారం. ఎం.కాం. అయ్యాక గరివిడి దగ్గర ఒక ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ అకౌంట్స్‌లో చేరి మూడేళ్లయింది, సీఏ ఇంటర్‌లో ఒక గ్రూపు ఇంకా మిగిలే ఉంది. బ్యాంకు పనులు చూసే ఆయన మానేస్తున్నారు, నువ్వు చూస్తావా అని మొన్న మా ఫైనాన్స్ మేనేజర్ గారు అడిగారు, ట్రెజరీకి, అంటే కంపెనీ డబ్బు, బ్యాంకు అప్పులు చూసే విభాగానికి, ఇదే మొదటి మెట్టట. జీతం మాత్రం పెరగదు. ఇంట్లో చెబితే నాన్న "ఏటిరా, పింఛన్లిచ్చే ఆఫీసా?" అన్నారు, కాదని తెలిశాక బ్యాంకు పీఓ పరీక్షలు రాసుకోమంటున్నారు. ఎఫ్‌ఆర్‌ఎం (ఫైనాన్షియల్ రిస్క్ మేనేజర్ సర్టిఫికెట్) చేసి నేరుగా హైదరాబాదు వెళ్లడం మంచిదా, ఇక్కడే ఈ పని పట్టుకోవడం మంచిదా? చాలా టెన్షన్‌గా ఉంది.

బొబ్బిలి_వీణ:
తమ్ముడూ, పట్టుకో. హైదరాబాదులో నేను పన్నెండేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను, ఇంటర్వ్యూలు కూడా చేస్తాను. ఎఫ్‌ఆర్‌ఎం రెండు పార్టులూ పాసైన వాళ్లు కూడా డ్రాయింగ్ పవర్ లెక్క, అంటే బ్యాంకు లిమిట్‌లో నిజంగా ఎంత వాడుకోవచ్చో, అడిగితే ఆగిపోతారు. నీకు ప్రతి నెలా సరుకెంతుందో బ్యాంకుకి చూపించే స్టాక్ స్టేట్‌మెంట్ చేతికి వస్తుంది. సరుకు 4 కోట్లు ఉందనుకో, అందులో ఇంకా డబ్బు కట్టనిది కోటి తీసెయ్, మిగతా 3 కోట్లలో బ్యాంకు 25 శాతం మార్జిన్ పట్టుకుంటే సరుకు మీద నువ్వు వాడుకోగలిగేది 2.25 కోట్లే, క్యాష్ క్రెడిట్ (సరుకు, బాకీల మీద బ్యాంకు ఇచ్చే అప్పు) లిమిట్ ఐదు కోట్లున్నా సరే. రావాల్సిన బాకీల లెక్క వేరే కలుస్తుంది, అందులో పాతబడినవి తీసేస్తారు.

రోజూ పొద్దున్న పదింటికల్లా ఏ బ్యాంకులో ఎంతుంది, ఇవాళ ఏం రావాలి, ఏం పోవాలి అని ఒక షీటు వెయ్యి, పక్కనే పదమూడు వారాల అంచనా. శుక్రవారం శుక్రవారం అంచనా ఎక్కడ తప్పిందో, ఎందుకు తప్పిందో రాసిపెట్టుకో. మీకు కరెంటు బిల్లు, మాంగనీసు ఖనిజం ఎల్‌సీలు (అమ్మినవాళ్లకి డబ్బు అందుతుందని మన తరఫున బ్యాంకు ఇచ్చే హామీలు), ఈ రెండూ తెలిస్తే సగం తెలిసినట్టే.

ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట మా కంపెనీ విజయనగరం యూనిట్ ఎల్‌సీ ఒకటి సరిగ్గా పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజున డ్యూ అయింది. డబ్బుంది, కానీ వేరే బ్యాంకులో ఉంది. ట్రాన్స్‌ఫర్ నేనే పెట్టాను, అప్రూవ్ చేయాల్సినాయన మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర జనంలో ఉన్నారు, ఫోను వినపడలేదు. 2020 డిసెంబరు నుంచి ఆర్‌టీజీఎస్ రాత్రీ పగలూ నడుస్తోంది, అయినా రెండో సంతకం లేకపోతే డబ్బు కదలదు కదా. ఎల్‌సీ డివాల్వ్ అయింది, అంటే మా బదులు బ్యాంకే కట్టాల్సొచ్చింది, తర్వాత లిమిట్ రెన్యువల్‌లో బ్యాంకు మొదట అడిగింది దాని గురించే. ఆ రోజు నుంచి డ్యూ డేట్లు పండగల క్యాలెండర్ పక్కన పెట్టుకునే చూస్తాను.

పలాస_జీడి:
నేను పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో చేస్తానండి. పిక్కలు ఆఫ్రికా నుంచి డాలర్లలో కొంటాం, పప్పు రూపాయల్లో అమ్ముతాం. 2022 ఏప్రిల్‌లో డాలరు 76 దగ్గర ఉంది, ఫార్వర్డ్ (డాలరు రేటు ముందే ఖాయం చేసుకునే ఒప్పందం) తీసుకుందామంటే రేటు దిగుతుందిలే అన్నారు మా ఓనరు గారు. జులైకి 80 తాకింది. లక్ష డాలర్లకి నాలుగు లక్షలు పోయాయి, పిక్కల్లో మిగిలేదే అంత. ఇప్పుడు ఆర్డరు పెట్టిన రోజే సగానికి ఫార్వర్డ్ తీసుకుంటున్నాం. మీకూ ఖనిజం దిగుమతి ఉంటే ఇది తప్పకుండా నేర్చుకోండి. సెబీ పెట్టిన ఎన్‌ఐఎస్‌ఎమ్ సంస్థ వాళ్ల కరెన్సీ డెరివేటివ్స్ పరీక్ష తేలికే, పుస్తకం చదివినా చాలు.

శ్రీకాకుళం_రిటైర్డ్:
బాబూ, నేను బ్యాంకులో క్రెడిట్ చూసి రిటైరయ్యాను. పై ఇద్దరూ చెప్పింది నిజమే కానీ ఆ మిగిలిన గ్రూపు వదలకు. పెద్ద కంపెనీల్లో ట్రెజరీ హెడ్ దాకా వెళ్లాలంటే ఎక్కువగా సీఏ గానీ మంచి ఎంబీఏ గానీ అడుగుతారు, అక్కడ అనుభవం ఒక్కటే సరిపోదు. ఇంకో మాట, జీతం పెంచకపోయినా కొత్త హోదా కాగితం మీద రాయించుకో. నాలుగేళ్ల తర్వాత నీ రెజ్యూమెలో "అకౌంట్స్ అసిస్టెంట్" అని ఉంటే నువ్వు ఎల్‌సీలు చూశావని ఎవరు నమ్ముతారు?

రాజాం_కామర్స్:
అందరికీ చాలా థాంక్స్. పని తీసుకుంటానని చెప్పేశాను, "ఎగ్జిక్యూటివ్ - ట్రెజరీ" అని లెటర్ ఇస్తామన్నారు. వీణ గారి సిరిమాను సంగతి చదివి, మనకి రెండో అప్రూవర్ ఎవరండీ అని అడిగాను. ఎవరూ లేరట, మేనేజర్ గారొక్కరే. రేపు ఆయన ముందు ఆ విషయమే పెడతాను.